బెజ్జాలు పొడవని జల్లెడ



పైన కృష్ణ, కింద తుంగభద్ర. ఈ రెండేళ్ళ నడుమ ఉన్న మన రాయచూరు సీమకు పాత శాసనాల్లో ఎడదొరె అని పేరు. ఏళ్ళ నడిమి నేల అని అర్థం. ఇంత నీటి నడుమ కాపురముండి కూడా తాగే నీళ్ళకు మనం 20 లీటర్ల క్యాను పట్టుకుని వరసలో నిలబడుతున్నాం. కాలువ అందిన ఊళ్ళ సంగతి వేరు. అందని ఊళ్ళకు బోరే దిక్కు. ఆ బోరులో ఫ్లోరైడ్ ఉందంటారు, కొన్ని చోట్ల ఆర్సెనిక్ ఉందంటారు. కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. మరి దాన్ని నీళ్ళలోంచి వేరు చేసేదెలా?

వడకట్టి, అంటారు మీరు. నిజమే. కానీ దేనితో వడకట్టాలి, ఆ జల్లెడకు బెజ్జాలు ఎంతుండాలి, అంత చిన్న బెజ్జాలు ఎవరు పొడవాలి? ఈనాటి ప్రసంగం ఈ మూడో ప్రశ్న గురించి. బెజ్జాలు ఎవరూ పొడవనక్కరలేదు, కణాలను తమంతట తాము పేర్చుకోనిస్తే వాటి మధ్య మిగిలే సందులే బెజ్జాలవుతాయి అని కొందరు శాస్త్రజ్ఞులు చేసి చూపించారు. వాటిని నానో కణాల పొరలు అంటారు. పేరు చూసి భయపడకండి. విషయం వంటింట్లో తెలిసినదే.

ముందు కొలతలు. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. విరేచనాలు కలిగించే బాక్టీరియా పొడవు వెయ్యి నుంచి రెండు వేల నానోమీటర్ల దాకా ఉంటుంది. పోలియో వైరస్ 30 నానోమీటర్లు. నీటిలో కరిగిన ఫ్లోరైడ్ అయాను తన చుట్టూ పట్టుకున్న నీటి అణువులతో కలిపి కూడా ఒక నానోమీటరు ఉండదు, ముప్పాతిక భాగం కన్నా తక్కువే. అంటే బాక్టీరియాను ఏనుగంత అనుకుంటే ఫ్లోరైడ్ చీమపాటి. ఏనుగును ఆపే దడి చీమను ఆపుతుందా?

అలాగని పెద్ద బెజ్జాల జల్లెడను చులకన చేయకూడదు. బంగ్లాదేశ్ పల్లెల్లో రీటా కాల్వెల్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఒక పని చేశారు. చెరువు నీళ్ళను పాత నూలు చీరను మడతలు పెట్టి వడకట్టమని ఆడవాళ్ళకు నేర్పారు. కలరా సుమారు సగానికి, కచ్చితంగా చెప్పాలంటే నూటికి 48 పాళ్ళు తగ్గింది. ఈ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. చీర మడతల్లో సందులు 20,000 నానోమీటర్లుంటే కలరా క్రిమి వాటిలో ఆగడమేమిటి? ఆ క్రిములు నీటిలో ఒంటరిగా తిరగడం కంటే పీతజాతి నలుసు పురుగులను అంటిపెట్టుకుని ఉండడం ఎక్కువ. చీర ఆ పురుగులను ఆపింది, వాటితోపాటు క్రిములూ ఆగాయి. కొత్త చీర కంటే ఉతికి ఉతికి నలిగిన చీరే బాగా పనిచేసిందట. నూలు పోగులు విచ్చుకుని సందులు ఇరుకవుతాయి కాబట్టి. మన అమ్మమ్మలు బిందె మూతికి పాత గుడ్డే కట్టేవారు. ఎందుకని అడిగితే 'కొత్తది దండగెందుకు' అనేవారు!

కరిగిపోయిన వాటికి మాత్రం చీర పనికిరాదు. అక్కడికి సన్నని పొరలు కావాలి. ఇప్పుడు మన ఊళ్ళలో 'శుద్ధ కుడియువ నీరిన ఘటక' అని బోర్డు ఉన్న గదులు చూస్తున్నారు కదా, నాణెం వేస్తే క్యాను నిండుతుంది. వాటి లోపల పొడుగు గొట్టాల్లో చాపలా చుట్టిపెట్టిన పొర ఉంటుంది. ఆర్.ఓ. అంటే అదే. ఈ పొరను పనికొచ్చేలా తయారుచేసిన ఇద్దరిలో ఒకరు మన దక్షిణాదివారే. తమిళనాట పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్, అమెరికాకు చెందిన సిడ్నీ లోబ్ కలిసి 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయంలో దాన్ని రూపొందించారు. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊరికి ఆ పొరతో ఉప్పునీళ్ళు మంచినీళ్ళయ్యాయి. ఆ తరువాత వచ్చిన పాలిమర్ పొరలే ఇప్పుడు మన గదుల్లో ఉన్నవి. పనిచేసే భాగం మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు. మిగతాదంతా దానికి ఆనుకునే దన్ను.

ఈ పొరలో కచ్చితమైన బెజ్జాలంటూ ఉండవు. అల్లిబిల్లిగా పెనవేసుకున్న పాలిమర్ పోగుల మధ్య నీటి అణువులు ఇరుక్కుంటూ దారి చేసుకుంటూ పోతాయి. అందుకే మోటారు పెట్టి గట్టిగా తొయ్యాలి. తోసినా అంతా పోదు. ఇంటి యంత్రాల్లో ఒక లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు బయటికి వదిలేయవలసి వస్తుంది. ఆ వదిలేసిన నీళ్ళలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది. వేసవిలో మూడు కిలోమీటర్ల నుంచి బండి మీద నీళ్ళు తెచ్చుకునే ఊరికి ఇది చిన్న ఖర్చు కాదు. పైగా ఆర్.ఓ. మంచీ చెడూ చూడదు, కాల్షియం వంటి పనికొచ్చే లవణాలను కూడా ఊడ్చేస్తుంది. దీనికంటే కాస్త వదులుగా, తక్కువ ఒత్తిడితో, కావలసినదాన్ని వదిలి అక్కరలేనిదాన్ని ఆపే పొర దొరికితే బాగుంటుంది కదా అన్నది ఆలోచన.

ఇక అసలు సంగతి. మూడు రూపాయి నాణాలు బల్ల మీద ఒకదానికొకటి తగిలేలా పెట్టండి. మధ్యలో మూడు మూలల సందు మిగులుతుంది. అందులో పెసర గింజ పడుతుంది, శనగ గింజ పట్టదు. ఆ సందును మీరు చెయ్యలేదు, నాణాలు గుండ్రంగా ఉండడం వల్ల వచ్చింది. లెక్క వేస్తే ఆ సందులో పట్టే అతి పెద్ద గుండు, నాణెం అడ్డుకొలతలో ఆరో వంతు కన్నా కాస్త తక్కువ. నాణెం మార్చితే సందు మారుతుంది. అంటే, బెజ్జం సైజు కావాలంటే బెజ్జాన్ని కొలవక్కరలేదు, గుండు సైజు సరిగ్గా చూసుకుంటే చాలు.

ఇంకొకటి కూడా చేసి చూడండి, పిల్లలకు సరదాగా ఉంటుంది. సైకిలు షాపులో బేరింగుల్లో వేసే చిన్న గుండ్లు ఒక గుప్పెడు తెచ్చి అంచున్న పళ్ళెంలో పోయండి. పళ్ళెం కొంచెం వంచి మెల్లగా తట్టండి. గుండ్లు దొర్లి దొర్లి చక్కని వరసల్లో కూర్చుంటాయి. ఒక్కో గుండు చుట్టూ సరిగ్గా ఆరు. తేనెపట్టు గదుల్లాగే. ఎవరూ పేర్చలేదు. నా తరగతిలో పిల్లలు ఇది చేసినప్పుడు ఒక విషయం వాళ్ళే పట్టుకున్నారు. రెండు సైజుల గుండ్లు కలిస్తే వరస చెడిపోతుంది, అక్కడక్కడ పెద్ద గుంటలు పడతాయి. గట్టిగా దబదబా తట్టినా చెడిపోతుంది. గుండ్లన్నీ ఒకే సైజువై ఉండాలి, కుదురుకునే వ్యవధి ఇవ్వాలి. తమంతట తాము కూడుకోవడం అనే ఈ విద్యలో సగం కిటుకు అదే.

మిగతా సగం గుండు మీది పూత. ఎందుకంటే నానోమీటర్ల సైజుకు వచ్చేసరికి కణాలు సైకిలు గుండ్లలా ప్రవర్తించవు. దగ్గరకు రాగానే ఒకదాన్నొకటి లాక్కుని ముద్ద కడతాయి. రవ్వను నూనెలో వేయించకుండా ఉడుకు నీళ్ళలో పోస్తే ఉండలు కట్టదూ? కాస్త నూనె పట్టించి పోస్తే పలుకుగా ఉంటుంది. కణాలకూ అలాంటి పూత ఒకటి కావాలి. ఆ పని చేసేది పాలిమర్. పూసల దండలా ఒకే రకం అణువులు వరసగా గుచ్చుకుంటే పాలిమర్ అవుతుంది. ఆ దండల ఒక కొసను కణానికి అంటగట్టి రెండో కొసను బయటికి వదిలేస్తారు. అలాంటివి వందలు. ఆముదపు కాయను చూశారు కదా, ఒళ్ళంతా మెత్తని ముళ్ళు. పాలిమర్ పూత పూసిన కణం అలాంటిది. రెండు కాయలు దగ్గరకు వచ్చినా ముళ్ళు తగిలి ఆగుతాయి, లోపలి గింజలు ముట్టుకోవు. అందువల్ల అవి తొందరపడి ముద్ద కట్టకుండా, జరిగి జరిగి సర్దుకుని వరసలో కూర్చోగలుగుతాయి. కూర్చున్నాక ఆ ముళ్ళే ఒకదానిలోకి ఒకటి దూరి పొరను గట్టిగా పట్టి ఉంచుతాయి. అంటే దూరం పెట్టేదీ అదే, దగ్గర చేర్చేదీ అదే.

ఆ వెంట్రుకలు సందుల్లోకి కూడా వాలతాయి. కాబట్టి బెజ్జం సైజును నిర్ణయించేవి రెండు: గుండు ఎంత, వెంట్రుక ఎంత. వెంట్రుకను పొడవుగా పెంచితే సందు ఇరుకవుతుంది. కొన్ని పాలిమర్లకు ఇంకో గుణం ఉంది. వేడి తగిలితే ముడుచుకుంటాయి, చల్లబడితే విచ్చుకుంటాయి. అలాంటి వెంట్రుకలున్న పొరలో బెజ్జాలు తలుపుల్లా తెరుచుకుని మూసుకుంటాయి. చెప్పడానికి కథలా ఉన్నా ప్రయోగశాలల్లో చేసి చూసినదే.

ఈ దారిలో మొదట గట్టిగా చెప్పుకోవలసినది అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయం, ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల. అక్కడ హైన్రిక్ యేగర్ అనే భౌతిక శాస్త్రవేత్త, జియావో మిన్ లిన్, వారి సహచరులు బంగారంతో పని చేశారు. 6 నానోమీటర్ల బంగారపు గుండ్లు, వాటి ఒంటి మీద పన్నెండు కార్బన్ల పొట్టి గొలుసులు. వీటిని పాలిమర్ అనడానికి లేదు, పాలిమర్‌కు చిన్న తమ్ముళ్ళు అనుకోండి. చేసే విధానం మీకు తెలిసినదే. పాలు కాచి పక్కన పెడితే మీగడ ఎలా కడుతుందో అలా. ఒక నీటి బొట్టు పెట్టి, దాని మీదికి నూనె వంటి ద్రవంలో ఉన్న ఈ కణాలను పాకనిస్తారు. కణాలు నీళ్ళలో మునగవు, పైన తేలుతూ ఒకే ఒక వరసలో సర్దుకుంటాయి. ద్రవం ఆరిపోతుంది, కింది నీళ్ళూ ఆరిపోతాయి, మీగడ వంటి పొర మాత్రం కింద ఉన్న రంధ్రం మీద డోలు మీద తోలులా పరుచుకుంటుంది.

ఒక్క వరస గుండ్లు! తెగదా? 2007లో వారు ప్రచురించిన కొలతల ప్రకారం తెగదు. సన్నని మొన పెట్టి నొక్కి చూశారు. వంగుతుంది, అంచుల మీద బట్టలా జారుతుంది, వేడిచేస్తే దాదాపు నీళ్ళు మరిగే దాకా తట్టుకుంటుంది. 2011లో అదే బృందం ఇలాంటి పొరల గుండా నీళ్ళు పోనిచ్చి చూసింది. మామూలు పాలిమర్ వడపోత పొరలతో పోలిస్తే నీళ్ళు వంద రెట్ల స్థాయిలో తేలికగా పోయాయి. కారణం పలుచదనమే. దారి పొట్టిదైతే నడక సుళువు కదా. పెద్ద అణువులు ఆగిపోయాయి. చిన్న అణువుల విషయంలో మాత్రం ఒక విచిత్రం కనిపించింది. దాని దగ్గరకు ఇప్పుడే వస్తాను.

అంతకుముందు, 'అయ్యో, బంగారమా, మనకెక్కడ అందుతుంది' అని నిట్టూర్చినవారికి ఒక లెక్క. బంగారం మనకు పరాయిది కాదు, మన లింగసుగూరు తాలూకాలోనే హట్టి గనులున్నాయి. సరే, ఒక చదరపు మీటరు మేర ఒకే వరస గుండ్లు పరవడానికి ఎంత బంగారం కావాలో నేను కాగితం మీద వేసి చూశాను. గ్రాములో ఇరవయ్యో వంతు. ముక్కుపుడకకు పట్టే దానికంటే తక్కువ. కాబట్టి అడ్డం వస్తున్నది బంగారం ధర కాదు. ఒక చదరపు మీటరు మేర ఎక్కడా చిరుగు లేకుండా పరవడం. 2007లో వారు పొరను పరిచిన రంధ్రాలు మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కలో కొలిచేవి. అక్కడి నుంచి పంచాయతీ గది దాకా చాలా దూరం ఉంది.

చిరుగు ఎంత హాని చేస్తుందో కూడా లెక్కే చెబుతుంది. సన్నని గొట్టంలో నీళ్ళ పారుదల దాని అడ్డుకొలత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. పదో తరగతి పిల్లలు కూడా వేయగలరు: పది రెట్లు వెడల్పైన ఒక్క చిల్లు, పదివేల సన్న బెజ్జాలన్నీ కలిసి పంపేటంత నీటిని పంపుతుంది. అంటే లక్ష బెజ్జాలు సరిగ్గా ఉండి పది చిరుగులుంటే, సగం నీళ్ళు వడపోత లేకుండా వచ్చినట్టే. జల్లెడ గొప్పదనం దాని బెజ్జాల్లో లేదు, చిరుగు లేకపోవడంలో ఉంది.

ఇక్కడ అమెరికాలోనే యూటా విశ్వవిద్యాలయంలో ఇల్యా జారోవ్ బృందం చేసిన పని నాకు మరింత మనకు దగ్గరగా అనిపిస్తుంది. వారు బంగారం జోలికి పోలేదు, సిలికా గుండ్లు తీసుకున్నారు. సిలికా అంటే ఇసుకలో ఉన్న పదార్థమే. ఒకే సైజు సిలికా గుండ్లు చేసే పద్ధతి 1968 నుంచి శాస్త్రజ్ఞుల చేతిలో ఉంది. వాటి మీద పాలిమర్ వెంట్రుకలను నారుమడిలో నారు పెంచినట్టు మొలిపించి, గుల్లగా ఉండే దన్ను మీద పొరగా పరిచారు. కణాల మధ్య అతుకు శాశ్వతమైనది కాదు, వెంట్రుకల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణలే వాటిని పట్టి ఉంచుతాయి. అందువల్ల అవసరమైనప్పుడు పొరను తిరిగి కణాలుగా విడదీసి, మళ్ళీ పొరగా కూర్చవచ్చు. ఘటకం నడిపే మనిషిని అడగండి, పొరకు పాచి పట్టి, సున్నం పట్టి మూసుకుపోవడం ఎంత తలనొప్పో, కొత్తది వేయించడానికి ఎంత అవుతుందో చెబుతాడు. మూసుకున్న పొరను పారేయకుండా విప్పి కడిగి తిరిగి కూర్చగలిగితే, ఆ ఒక్క గుణం కోసమైనా ఈ పరిశోధన ముందుకు సాగాలని కోరుకోవాలి.

సిలికా అన్నాను కాబట్టి మరొక మాట. సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో ఉండే శ్రోతలకు రైసు మిల్లుల ఊక బూడిద గుట్టలు తెలుసు. ఆ బూడిదలో అధిక భాగం సిలికాయే. ఊక నుంచి నానో సిలికా తీసే పద్ధతులు మన దేశంలో ఎన్నో ప్రయోగశాలల్లో ఉన్నాయి. వరి పండించిన నేలకే దాని ఊక జల్లెడగా తిరిగి వస్తే బాగుంటుంది. ఇది ఇప్పటికి నా ఆశ మాత్రమే, ఇలాంటి పొర మన జిల్లాలో ఎక్కడా పెట్టలేదు.

ఇప్పుడు ఆ విచిత్రం. బంగారు పొరలో బెజ్జాలు ఇంచుమించు రెండు నానోమీటర్లు. ఫ్లోరైడ్ అయాను ముప్పాతిక నానోమీటరు కూడా లేదు. గంతులు వేస్తూ దాటిపోవాలి. కానీ 2011 కొలతల్లో తేలినదేమిటంటే, చిన్న అణువులు ఆగాలా పోవాలా అన్నది వాటి సైజు కంటే వాటికి విద్యుదావేశం ఉందా లేదా అన్నదాని మీద ఎక్కువ ఆధారపడింది. బడిలో చదువుకున్నదే: సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి. పొర గోడలకు ఋణావేశం ఉంటే, ఋణావేశమే ఉన్న అయాను ద్వారం విశాలంగా ఉన్నా లోపలికి అడుగు పెట్టలేదు. నానో ఫిల్ట్రేషన్ అని ఇప్పటికే వాడుకలో ఉన్న పాలిమర్ పొరలూ సగం ఈ సూత్రం మీదే నడుస్తాయి. ఫ్లోరైడ్ ఋణావేశం గలది. పైగా నీటి అణువులను గట్టిగా కరిచి పట్టుకుంటుంది. అందుకే ఉప్పులోని క్లోరైడ్ కంటే అది ఈ పొరల దగ్గర ఎక్కువ ఆగుతుంది.

ఇంతవరకు సంతోషమే. ఆర్సెనిక్ దగ్గరకు వస్తే కథ మారుతుంది. పెద్దలు పాషాణం అని భయపడేది ఈ జాతి విషాన్నే. ఇది మన వైపు ఎందుకు వచ్చిందంటే, కారణం బంగారమే. హట్టి, మంగళూరు ప్రాంతాల పాత శిలల్లో బంగారంతోపాటు ఆర్సెనిక్ గల ఖనిజాలు కలిసి ఉంటాయి. రాతిలో ఉన్నది నీటిలోకి దిగుతుంది. పొరుగున యాదగిరి జిల్లా సురపుర తాలూకాలో కిరదళ్ళి తాండా అని లంబాడీల ఊరుంది. అక్కడి బోరు నీళ్ళు తాగినవారి అరచేతుల్లో, అరికాళ్ళలో చర్మం గట్టిపడి పొక్కులు లేచాయి, మచ్చలు పడ్డాయి. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపంకర్ చక్రవర్తి బృందం ఆ ఊరిని పరీక్షించి 2013లో వ్యాసం ప్రచురించింది. హట్టి చుట్టుపక్కల నీళ్ళలోనూ ఆర్సెనిక్ కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో గ్రాములో నూరో వంతు.

నీటిలో ఆర్సెనిక్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒక రూపానికి ఋణావేశం ఉంది, పైన చెప్పిన పొర దాన్ని తోసేస్తుంది. రెండో రూపం, గాలి తగలని లోతు బోర్లలో ఎక్కువగా ఉండేది, మామూలు నీళ్ళలో ఏ ఆవేశమూ లేకుండా ఉంటుంది. ఆవేశం లేనిదాన్ని ఆవేశంతో తోసేదెలా? అది దర్జాగా బెజ్జంలోంచి నడిచిపోతుంది. ఇంకా చెప్పాలంటే ఈ రెండో రూపమే ఎక్కువ విషం. ముందుగా క్లోరిన్ వంటిది కలిపి దాన్ని మొదటి రూపానికి మార్చి, ఆ తరువాత వడకట్టాలి. మళ్ళీ ఆ క్లోరిన్ పాలిమర్ పొరలను తినేస్తుంది కాబట్టి పొరను చేరేలోగా దాన్ని తీసేయాలి. చూశారా, జల్లెడ ఒక్కటే ఉంటే చాలదు, జల్లెడకు ముందు ఏం జరిగిందన్నదీ ముఖ్యమే. నానో పొర వచ్చిందంటే అన్నీ పోతాయని ఎవరైనా అమ్మడానికి వస్తే అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

పొరలు వచ్చేదాకా మన చుట్టుపక్కల ఏమున్నాయి? తెలుగు నేలకు ఫ్లోరైడ్‌తో పాత పరిచయం. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటిసారి వైద్యులు రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. 1970లలో నాగపూరులోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి రూపొందించింది. దాన్ని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తారు. బకెట్టులోనూ చేసుకోవచ్చు, కరెంటు అక్కరలేదు. పటిక పాళ్ళు తప్పితే మాత్రం నీళ్ళలో అల్యూమినియం మిగులుతుంది, అడుగున దిగిన బురదను ఎక్కడ పారబోయాలన్నది వేరే సమస్య. హైదరాబాదు తార్నాకలోని ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు పాలిమర్ పొరల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, నానో ఫిల్ట్రేషన్ యంత్రాలను ఫ్లోరైడ్ ఊళ్ళలో పెట్టి చూశారు. మద్రాసు ఐ.ఐ.టి.లో తలప్పిల్ ప్రదీప్ బృందం 'అమృత్' అనే పద్ధతిలో ఇనుము ఆక్సైడ్ నానో కణాలను రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్ అనే పాలిమర్‌లో పొదిగి ఆర్సెనిక్‌ను పట్టే వడపోత చేసింది. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో అది నడుస్తోంది. ఇది జల్లెడ కాదు, జిగురు. ఆర్సెనిక్‌ను ఆపదు, అంటించుకుంటుంది. అందుకే రెండు రూపాలనూ పట్టగలుగుతుంది. కణమూ పాలిమరూ అవే, కూర్పు వేరు.

ఇన్ని రకాలు చెప్పడం ఎందుకంటే, మన దగ్గర ఏ నీటికి ఏ మందో తెలియని గందరగోళం ఎక్కువ. 2022 మే చివర, జూన్ మొదట్లో రాయచూరు పట్టణంలో కలుషితమైన కొళాయి నీళ్ళు తాగి ఎందరో వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరారు, మరణాలూ సంభవించాయి. అలాంటి క్రిములకు మందు మరిగించడం. ఫ్లోరైడ్‌కు మరిగించడం మందు కాదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగిలి ఇంకా చిక్కబడుతుంది. ఆర్సెనిక్‌కూ అంతే. ఒక ఊరి నీళ్ళకు ఏది ప్రాణం కాపాడుతుందో మరో ఊరి నీళ్ళకు అది కీడు చేయవచ్చు.

అలాగే పెన్ను వంటి టి.డి.ఎస్. మీటరు ముంచి అంకె చూపించి 'మీ నీళ్ళు స్వచ్ఛం' అనేవారిని నమ్మకండి. అది నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేసే సాధనం. లీటరులో 800 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్ళలో ఆర్సెనిక్ హద్దుకు ఐదు రెట్లున్నా అది 0.05 మిల్లీగ్రాములే. మీటరు ముల్లు కదలదు. బాక్టీరియా అయితే దానికి అసలు కనిపించదు. 100 అన్న అంకె చూపిన నీళ్ళు మంచివి కావచ్చు, కాకపోవచ్చు. ఆ మీటరుకు తెలియదు.

తెలుసుకునే దారి పరీక్ష ఒక్కటే. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద జిల్లా నీటి పరీక్షా కేంద్రాలు మామూలు జనం తెచ్చిన నీళ్ళను కూడా స్వల్ప రుసుముతో పరీక్షించాలన్నది నియమం. బోరును ఐదు నిమిషాలు పారనిచ్చి, శుభ్రమైన సీసాను ఆ నీళ్ళతోనే రెండుసార్లు తొలిచి నింపండి. సీసా మీద ఊరు, బోరు ఉన్న చోటు, తేదీ రాయండి. క్రిముల పరీక్షకైతే సీసా కేంద్రంవారినే అడిగి తీసుకోండి, మన ఇంటి సీసా పనికిరాదు. ఘటకం నీళ్ళు తాగేవారు రెండు సీసాలు పట్టండి, ఒకటి బోరుది, ఒకటి ఘటకం కొళాయిది. రెండు ఫలితాలు పక్కపక్కన పెడితే లోపలి పొర పనిచేస్తున్నదో లేదో తేలిపోతుంది. ఇక ఒక్క మాట. ప్రత్యేకంగా అడగకపోతే మామూలు పరీక్షలో ఆర్సెనిక్ చూడకపోవచ్చు. కాబట్టి అర్జీ తెలుగులో ఆలోచించినా కన్నడంలో ఈ వాక్యం రాయండి: 'ఫ్లోరైడ్ మత్తు ఆర్సెనిక్ ఎరడన్నూ పరీక్షిసి కొడి'. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ రెండూ పరీక్షించి ఇవ్వండి అని.